శ్రవణకుమారుని కావడి

మనుష్యుని జీవితములో ఇతరులు అతనిని ఎత్తుకొనవలసిన కాలములు రెండు. మొదటిది శైశవము. రెండవది వ్యాధియో, ప్రమాదమో, వార్ధక్యమో కాళ్ల సత్తువను హరించిన కాలము. మొదటి కాలమునకు తెలుగు ఇల్లు ఎన్నడో ఏర్పాటు చేసికొన్నది. దూలమునకు మెత్తని పాత చీర కట్టి, దానిలో బిడ్డను పరుండబెట్టి ఊపుట తల్లులందరు ఎరిగిన పనియే. కొన్ని సీమలలో దానిని ఏణె యందురు. కొన్నిచోట్ల ఉయ్యాల యందురు. పేరేదైనను అందలి నేర్పు ఒక్కటే. గుడ్డ బిడ్డ బరువును ఒక్కచోట ఒత్తనీయక వీపునకు, తొడలకు, మెడకు పంచిపెట్టును. మూడు కిలోలు తూగు పసికందు కొరకు ఇంత నేర్పు చూపిన ఇల్లే, అరువది కిలోలు తూగు పెద్దవారు మంచము పట్టినప్పుడు ఏ నేర్పును చూపదు. “ఇద్దరు చంకల క్రింద చేతులు వేయండి, ఒకరు కాళ్లు పట్టండి” అనుటతో దాని విద్య ముగియును.

ఈ రెండవ కాలమునకును ఒక ఏణె కలదు. లేవలేని మనిషి వీపు క్రిందను తొడల క్రిందను అమర్చి, పైనున్న కొక్కెములకు తగిలించి, చిన్న యంత్రముతో మెల్లగా పైకెత్తి కుర్చీలోనికో పడకమీదికో చేర్చు గుడ్డసాధనము అది. ఇంగ్లీషున దానిని స్లింగు అనియు, ఎత్తు యంత్రమును లిఫ్టు అనియు అందురు. తెలుగున స్లింగును జోలె యనవచ్చును. జోలె యనగానే భిక్షాటనము జ్ఞప్తికి వచ్చునని కొందరు నొచ్చుకొందురేమో. కాని బరువును గుడ్డలో వ్రేలాడదీయుట యను అర్థమే ఆ మాటకు ప్రాణము. ఈ వస్తువును గూర్చి చెప్పవలసినవారు వైద్యులు గదా, సాహిత్యపు పుటలో దీనికి చోటెందుకని ఎవరైన అడుగవచ్చును. మనిషిని మనిషి ఎట్లు ముట్టవలెను, ఎట్లు ఎత్తవలెను అనునది వైద్యమునకు ఎంత సంబంధించినదో సంస్కారమునకును అంత సంబంధించినది. సంస్కారమును బోధించు బడిపంతుళ్లకు, దానిని నేర్చుకొను విద్యార్థులకు ఈ విషయము దూరమైనది కాదు.

తల్లిదండ్రుల సేవ యనగానే తెలుగువాని నోట ముందుగా వచ్చు పేరు శ్రవణకుమారునిది. వాల్మీకి అయోధ్యాకాండలో దశరథుని బాణమునకు కూలిన మునికుమారునికి ఆ పేరు లేదు. కన్నులు కానని తల్లిదండ్రులను కావడిలో కూర్చుండబెట్టుకొని తీర్థయాత్రలు చేయించినాడనునది జనశ్రుతి చేర్చుకొన్న కథ. తరతరములుగా పంతుళ్లు ఆ కథ చెప్పి అతని భక్తిని కొనియాడుచున్నారు. అతని కావడిని మాత్రము ఎవరును కొనియాడరు. ఆ బాలుడు తల్లిని ఒక భుజముమీదను తండ్రిని మరియొక భుజముమీదను ఎక్కించుకొని నడువలేదు. బరువు సమముగా తూగునట్లు ఒక బద్దను, కూర్చున్నవారు జారకుండునట్లు రెండు బుట్టలను అమర్చుకొన్నాడు. ఆ ఉపాయమే లేకున్నచో అతని భక్తి మొదటి మజిలీలోనే కూలబడియుండును. సేవకు మనస్సు వలెను. ఆ మనస్సు చాలకాలము నిలువవలెనన్న సాధనము వలెను. కథను కల్పించిన జానపదునికి తెలిసిన ఈ సంగతి కథను విన్నవారికి తెలియకపోయెను.

ఎట్టి ఇంటిలో ఏమి జరుగుచున్నదో చూచినచో దీని నష్టము బోధపడును. ముప్పది యేండ్లు పాఠము చెప్పి విశ్రమించిన ఒక పంతులుగారికి పక్షవాతము వచ్చినదనుకొందురు గాక. ఇట్టి ఇల్లు వెదకి పట్టుకొననక్కరలేదు. ప్రతి ఊరిలోను కలదు. కుడి కాలు, కుడి చేయి పడిపోయినవి. ఇంటనున్నది అరువది దాటిన భార్య, ఉదయము పనికి పోయి సాయంకాలము వచ్చు కుమారుడు, వంటయిల్లు విడువలేని కోడలు. ఆయనను రోజునకు నాలుగైదు సార్లైనను లేపి కూర్చుండబెట్టవలెను. మరుగుదొడ్డికి, స్నానమునకు, భోజనమునకు కుర్చీలోనికి మార్చవలెను. కుమారుడు ఇంటలేని వేళ ఆ పని అత్తాకోడండ్రది. అత్తకు నడుము పట్టినది. కోడలికి భుజము లాగినది. ఇద్దరును ఆ మాట ఒకరితో ఒకరు చెప్పుకొనరు. చెప్పినచో సేవకు విసుగుకొన్నట్లగునని భయము.

పంతులుగారు ఇదంతయు చూచుచునే యుందురు. “మామయ్యగారూ, కొంచెము మంచినీళ్లు త్రాగండి” అని కోడలు గ్లాసు తెచ్చినచో, “ఇప్పుడు దాహము లేదమ్మా” అందురు. దాహము లేక కాదు. నీరు త్రాగినచో మరుగుదొడ్డికి పోవలసి వచ్చును. పోవలసి వచ్చినచో ఆ ఇద్దరు మరల తన్ను ఎత్తవలసి వచ్చును. వారి నడుములను కాపాడుటకై ఆయన తన నాలుకను ఎండగట్టుకొనుచున్నాడు. నీరు తగ్గినచో మూత్రరోగములు, మలబద్ధము వచ్చునని వైద్యులు హెచ్చరింతురు. ఆ సంగతి ఆయనకు తెలియనిది కాదు. ప్రేమ ఎంత యున్నను సాధనము లేనిచోట ఆ ప్రేమయే ఇరుప్రక్కల వారిని మౌనముగా బాధించునని ఈ గ్లాసెడు నీరు చెప్పుచున్నది.

బరువును గూర్చి లెక్క చూచుకొనుట అవమానము కాదు. 2020 నాటి బడిసంచుల విధానములో పిల్లవాని సంచి అతని శరీరపు బరువులో పదవ వంతు మించరాదని నిర్ణయించిరి. ఉపాధ్యాయులందరు ఎరిగిన మాట ఇది. పెద్దల నడుమునకు కూడ అట్టి లెక్క కలదు. అమెరికాలోని జాతీయ వృత్తి భద్రతా ఆరోగ్య పరిశోధన సంస్థకు చెందిన థామస్ వాటర్స్ అను పరిశోధకుడు 2007లో రోగులను చేతులతో ఎత్తుటకు ఒక పరిమితి సూచించెను. అది 35 పౌండ్లు, అనగా సుమారు 16 కిలోలు. అదియును అన్ని పరిస్థితులు అనుకూలముగా నున్నప్పటి మాట. పెట్టెలవంటి వస్తువులకు అదే సంస్థ లెక్కలో 23 కిలోల వరకు ఒప్పుదల యుండగా, మనిషికి అంతకంటె తక్కువ పెట్టుటకు కారణము స్పష్టమే. పెట్టెకు పిడి యుండును, అది కదలదు, దానిని గుండెకు చేర్చి పట్టుకొనవచ్చును. మనిషికి పిడి లేదు. అతడు ఉలికిపడును, వణకును, ఒరుగును. మంచముమీద వంగి చేతులు చాచి ఎత్తునప్పుడు బరువు శరీరమునకు దూరమగును. దూరము పెరిగినకొలది వెన్నుపూసలమీద పడు భారము పెరుగును. తులాదండపు పాఠము చదివిన విద్యార్థి ఎవడైనను దీనిని విప్పి చెప్పగలడు. అరువది కిలోల మనిషిని ఇద్దరు స్త్రీలు పంచుకొన్నను ఒక్కొక్కరికి ముప్పది కిలోలు. పదునారు ఎక్కడ, ముప్పది ఎక్కడ?

ఎత్తువారి బాధ యిట్లుండగా, ఎత్తబడువాని బాధ మరియొక విధము. పక్షవాతమున పడిపోయిన చేతి భుజకీలు వదులై యుండును. చంకక్రింద చేయి వేసి లాగినచో అది స్థానము తప్పవచ్చును. పడకమీద ఈడ్చినచో చర్మము గుడ్డకు రాచుకొని కమలిపోవును; పడకపుండ్లకు అదియొక మార్గము. ఎత్తుచున్నవారి చేయి నడుమ జారినచో ముగ్గురును కలిసి పడుదురు. వీటన్నిటికంటె లోతైనది మరియొకటి కలదు. నిన్నటివరకు పదిమంది లేచి నిలిచి నమస్కరించిన మనిషి, నేడు ధాన్యపు బస్తావలె పట్టుబడుచున్నాడు. పంచె తొలగును, చొక్కా పైకి పోవును, ఎత్తువారి ఆయాసపు నిట్టూర్పు చెవిలో పడును. ఆ నిట్టూర్పులో విసుగు లేకపోవచ్చును. వినువానికి మాత్రము అది విసుగుగనే వినిపించును.

ఈ దుఃఖము నెరిగినవాడే దీనికి ఉపాయము వెదకుట విశేషము. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రమున ఆష్‌కాష్ అను పట్టణము కలదు. అక్కడి టెడ్ హోయర్ అనునతడు యౌవనములో కారు ప్రమాదమునకు గురియై కాలుసేతుల స్వాధీనము కోల్పోయెను. తన్ను ఎత్తవలసినవారి కష్టమును దినదినము చూచిన ఆ మనిషి, తనవారి సాయముతో చక్రములపై నడచు ఎత్తుయంత్రమును రూపొందించి, ఇరువదవ శతాబ్దపు నడిమి కాలమున దానిని లోకమునకు అందించెను. నేటికిని అమెరికాలో ఏ సంస్థ తయారుచేసిన లిఫ్టునైనను హోయర్ అని పిలుచుట వాడుక. మంచమునకు అంటుకొనిపోయినవాడు లోకమునకు భారమే తప్ప ఉపకారము కాడని తలచువారు ఈ పేరును స్మరింపవలెను. ఎత్తువారి నడుములను కాపాడిన ఆలోచన ఎత్తబడినవాని బుద్ధినుండి పుట్టినది.

ఆ యంత్రము నిర్మాణము మిక్కిలి సులభమైనది. క్రింద రెండు పొడవైన పాదములు, వానికి చక్రములు, నడుమ నిలువు స్తంభము, దానినుండి ముందునకు చాచిన ఒక చేయి, ఆ చేతి చివర అడ్డముగా వ్రేలాడు ఒక బద్ద. పాదములను మంచము క్రిందికి త్రోసి, వెడల్పుగా విప్పుదురు. పీఠము వెడల్పైనకొలది యంత్రము ఒరుగదు. గరిమనాభిని గూర్చిన పాఠమునకు ఇంతకంటె మంచి నిదర్శనము లేదు. కొన్నింటిలో చేతిపిడిని పలుమారు ఆడించినచో లోపలి నూనె ఒత్తిడి పొంది చేతిని పైకి నెట్టును. చిన్న బలముతో పెద్ద బరువు నెత్తు ఈ మర్మమే పాస్కల్ సూత్రము. మరికొన్ని బ్యాటరీతో నడుచును. కొన్నింటిని ఇంటి కప్పునకు బిగించిన పట్టాలమీద నడుపుదురు. చివరనున్న అడ్డబద్దను చూచినవానికి మాత్రము వేరొక వస్తువు తోచకపోదు. రెండు కొనలకు కొక్కెములు, నడుమ ఆధారము, క్రింద మనిషి. అది శ్రవణకుమారుని కావడిబద్దయే. వెదురు పోయి ఉక్కు వచ్చినది.

యంత్రము ఎంత గట్టిదైనను మనిషి ప్రాణము నిలిచియుండునది జోలెలోనే. జోలెలు ఒక్క తీరువి కావు. తలనుండి తొడలవరకు ఆనుదన్నుగా నుండునది ఒకటి. మెడ నిలువనివారికి ఇది తగును. తొడల క్రింద రెండు పాయలుగా చీలి, నడుమ ఒకదానిలో ఒకటి పెనవేసి తగిలించునది మరియొకటి. ఎక్కువగా వాడుకలో నున్నది ఇదియే. మరుగుదొడ్డికి ఉపయోగించునది క్రింది భాగము తెరచియుండి బట్టలు సవరించుటకు వీలు కల్పించును. కాని ఆనుదన్ను తక్కువ గనుక నడుమును తాను నిలుపుకొనగలవారికే అది పనికివచ్చును. స్నానమునకు నీరు కారిపోవు వలగుడ్డ జోలె వేరుగ నుండును. కాలు తీసివేయబడినవారికి జారిపోకుండునట్లు ప్రత్యేకముగ కుట్టినవి కలవు.

కొలత తప్పినచో జోలె మిత్రుడు కాదు, శత్రువు. పెద్దదైనచో మనిషి దానినుండి జారిపోవును; చిన్నదైనచో తొడలను కోయును, చంకలను ఒరయును. అందుచేత కొనుటకు ముందు వెన్నుకొననుండి పైవరకు పొడవును, శరీరపు వెడల్పును, బరువును చూచుకొనవలెను. దర్జీ కొలత తీసికొనకుండ చొక్కా కుట్టడు. ప్రాణము మోయు గుడ్డకు కొలత అక్కరలేదా? భుజములవైపు పట్టీలను పొట్టిగా తగిలించినచో మనిషి నిటారుగా కూర్చుండును. పొడవుగా తగిలించినచో వెనుకకు వాలి పరుండినట్లుండును. ఒక ప్రక్క తగిలించిన కొలతకు రెండవ ప్రక్క సరిపోవుటకై పట్టీలకు రంగులు వేసియుందురు. ఎఱుపునకు ఎఱుపు, ఆకుపచ్చకు ఆకుపచ్చ. అక్షరము రానివారు కూడ తప్పక చేయగల ఏర్పాటిది.

దానిని అమర్చు క్రమము ఓర్పుతో కూడినది. మనిషిని ఒక ప్రక్కకు మెల్లగా ఒత్తిగిలజేసి, సగము చుట్టిన జోలెను వీపు వెంబడి ఉంచి, రెండవ ప్రక్కకు త్రిప్పి మిగిలిన సగమును లాగుదురు. తొడల పాయలను ముడుతలు లేకుండ సర్దుదురు. చేతులు రొమ్ముమీద ముడుచుకొనుమందురు. పట్టీలన్నియు తగిలించిన తరువాత కొన్ని అంగుళములు మాత్రమే ఎత్తి ఆగుదురు. నాలుగు పట్టీలును గట్టిగా నున్నవా, బరువు సమముగా నున్నదా, మనిషి ముఖమున భయమున్నదా అని చూచుకొని పిదపనే కదలుదురు. చేరవలసిన చక్రాల కుర్చీకి ముందుగనే బ్రేకులు వేసియుంచుదురు. ఇద్దరుండి చేయుట మేలు. ఒకరు యంత్రమును చూచుకొందురు, ఒకరు మనిషిని చూచుకొందురు. గాలిలో నున్న మనిషిని విడిచి క్షణమైనను ప్రక్కకు పోరాదు.

గుడ్డ గనుక అది అరుగును. కుట్టు వదలినను, అంచు పీలికలైనను, పట్టీ నలిగినను ఆ జోలెను మరల వాడరాదు. తెల్లదనమునకై బ్లీచింగు వేసి ఉతికినచో దారము బలము పోవును. అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ లిఫ్టులనుండి పడినవారికి తలకు గాయములు, ఎముకలు విరుగుటలు, మరణములు కూడ సంభవించినవని హెచ్చరించి, జాగ్రత్తలను గూర్చి మార్గదర్శిని ప్రకటించినది. బ్రిటనులో 1998 నాటి నిబంధనల ప్రకారము మనుష్యులను ఎత్తు సాధనములను, జోలెలతో సహా, సామాన్యముగా ఆరు నెలలకొకసారి నిపుణునిచేత పరీక్షింపజేయవలెను. ఈ మాటలు విని భయపడనక్కరలేదు. బుద్ధి తెచ్చుకొన్న చాలును. పాత చీరను ఫ్యాను కొక్కెమునకు కట్టి పెద్దమనిషిని ఎత్తజూచువారికి మాత్రము భయము కలుగవలసినదే. మూడు కిలోల బిడ్డకు చాలిన చీర అరువది కిలోల మనిషికి చాలదు.

ఈ సాధనమును గూర్చి చెప్పగానే వచ్చు మొదటి ఆక్షేపణ ధరను గూర్చినది కాదు. “కన్నతండ్రిని యంత్రముతో ఎత్తుదుమా? లోకమేమనుకొనును?” అనునది మొదటిది. చేతులతో ఎత్తుటయే ప్రేమయనియు, యంత్రమును తెచ్చుట ప్రేమకు సెలవిచ్చుటయనియు ఈ ఆక్షేపణలోని భావము. ఇది విచారింపదగినదే, స్పర్శకు విలువ లేదనుట తగదు. కాని బరువుతో పెనుగులాడుచున్న చేయి లాలింపగలదా? పండ్లు బిగబట్టి ఎత్తుచున్నవాని నోట ఆప్యాయమైన మాట వచ్చునా? బరువును జోలె తీసికొన్నప్పుడు కోడలి చేయి మామగారి తలను నిమురుటకు ఖాళీయగును. భార్య నోరు “భయపడకండి, ఇదిగో వచ్చేసినది కుర్చీ” అని పలుకుటకు తీరిక పొందును. యంత్రము తీసికొనునది బరువును మాత్రమే. ప్రేమను తీసికొనుటకు దానికి కొక్కెము లేదు.

రెండవ ఆక్షేపణ ఎత్తబడువారిది. గాలిలో వ్రేలాడుట భయము. పదిమంది చూచుచుండగా వ్రేలాడుట సిగ్గు. ఈ మాటను త్రోసివేయు హక్కు ఎవరికిని లేదు. ఇంగ్లండులో 2003లో ఇట్టి వివాదమే హైకోర్టునకు వచ్చెను. ఈస్ట్ ససెక్స్ కౌంటీలో తీవ్రమైన అంగవైకల్యము గల ఇద్దరు అక్కచెల్లెండ్రు ఉండిరి. వారిని చేతులతో ఎత్తవలెనని తల్లిదండ్రులు కోరిరి. పరిచారకుల భద్రత దృష్ట్యా అట్లు ఎత్తింపజాలమని కౌంటీ కౌన్సిలు పట్టుపట్టెను. ఎత్తబడువారి గౌరవమునకు, ఎత్తువారి శరీరమునకు, రెండింటికిని హక్కులు కలవనియు, ఎన్నడును చేతులతో ఎత్తరాదను గుడ్డి నిషేధము చెల్లదనియు, ఒక్కొక్క సందర్భమును విడివిడిగా తూచి చూడవలెననియు న్యాయమూర్తి మన్‌బీ తీర్పు చెప్పెను. ఆ తీర్పులోని భావము కూడ కావడియే. ఒకవైపు బుట్ట మరీ క్రుంగినచో రెండవ బుట్టలోనివారును పడుదురు.

కనుక జోలె వాడువారు ముందు అడుగవలసినది మనిషిని. “ఇప్పుడు ఎత్తుచున్నాము, నాన్నగారూ, చేతులు ముడుచుకొందురా?” అని చెప్పి ఎత్తుట వేరు; చెప్పక ఎత్తుట వేరు. తలుపు చేరవేసి, పైన ఒక దుప్పటి కప్పి ఎత్తినచో సిగ్గు సగము తగ్గును. మొదట ఇంటిలోని ఆరోగ్యవంతులే జోలెలో కూర్చుండి చూచినచో ఆ భయమెట్టిదో తెలియును. అంతేకాక, ఒకరి ఊతతో నిలువగలవానికి ఈ జోలెను తగిలింపరాదు. మిగిలియున్న సత్తువ వాడనిచో పోవును. ఎవరికి జోలె వలెను, ఎవరికి చేయూత చాలును అనునది ఫిజియోథెరపిస్టు చూచి నిర్ణయింపవలసిన విషయము. సోమరితనమునకు సాధనము, సత్తువకు శిక్ష కాకూడదు.

తెలుగు ఇండ్లలో దీనికి అడ్డంకులు లేకపోలేదు. లిఫ్టు పాదములు మంచము క్రిందికి పోవలెను. అడుగున పెట్టెవలె మూసియున్న నేటి దివాను మంచముల క్రిందికి పోజాలవు. నవారు మంచములలో చాలవరకు మిక్కిలి పొట్టివి. గుమ్మమునకు గడప యుండును. చక్రము గడప దాటదు. అందుచేత గదిలోనే పడకనుండి చక్రాల కుర్చీకి మార్చుట వరకు లిఫ్టును నమ్ముకొని, ఆపై దారిని కుర్చీకి విడువవలెను. గడపవద్ద చిన్న వాలుబల్ల వేయవలెను. ఇల్లు కట్టుకొనువారు దేవుని గదికి, కారునకు చోటు చూచుకొందురు. ఒకనాడు తాము లేవలేకపోవచ్చునను ఆలోచన మాత్రము ప్లానులో చోటు చేసికొనదు.

జోలెకు చుట్టమైన మరియొక వస్తువు తెలుగు పత్రికలలో తరచు కనబడును. అది డోలీ. అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యమున రోడ్డులేని గూడెములనుండి రోగులను, గర్భిణులను కఱ్ఱకు కట్టిన గుడ్డలో మోసికొని కొండలు దిగి వచ్చుచున్నారు. ఆ దృశ్యము చూచి జనము సిగ్గుపడుట న్యాయమే. కాని సిగ్గుపడవలసినది రోడ్డు లేనందుకు. మోయువారి నేర్పునకు కాదు. ఆ గిరిజనులు బిగువు తెలిసి గుడ్డ కట్టుదురు, అడుగు కలిపి నడతురు. పట్టణములో అద్దాల మేడలో నున్నవారు తమ తండ్రిని కుర్చీలోనికి మార్చు నేర్పులో వారికంటె వెనుకబడియున్నారు. తెలంగాణములో తాటిచెట్లనుండి జారిపడి వెన్నెముక విరిగిన గీతకార్మికుల ఇండ్లలో ఈ నేర్పు అవసరము మరింత హెచ్చు. చెట్టుమీద నడుమును పట్టియుంచు రక్షణ సాధనమును 2024లో ప్రభుత్వము కాటమయ్య రక్షా కవచమను పేర పంచుట ప్రారంభించెను. పడకుండ కాపాడు పట్టీని గుర్తించిన సమాజము, పడినవానిని లేపు పట్టీని కూడ గుర్తింపవలెను గదా.

చట్టము ఈ విషయమున మూగది కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము గౌరవముతో జీవించు హక్కును చెప్పుటయే కాక, జీతము లేకుండ సేవ చేయు తల్లిదండ్రులను, కుటుంబసభ్యులను సైతము పరిచారకులుగా నిర్వచించెను. అధిక సహాయము అవసరమైనవారికి పరిచారక భృతిని గూర్చియు ప్రస్తావించెను. ఆంధ్రప్రదేశములో 2024 జూలై నుండి మంచమునకో చక్రాల కుర్చీకో పరిమితమైన కొన్ని తరగతుల వారికి నెలకు 15,000 రూపాయల పింఛను నిర్ణయించిరి. కేంద్ర ప్రభుత్వము 1981 నుండి నడుపుచున్న పథకము క్రింద మూడుచక్రముల బండ్లు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రములు పంచు శిబిరములు జరుగుచుండును. అయితే శిబిరమునకు వచ్చువారు రాగలవారే. లేవజాలనివాడు వరుసలో నిలువడు. నిలువనివాడు లెక్కకు రాడు. లెక్కకు రానివాని అవసరము ఎవరి జాబితాలోను బలముగా పలుకదు. అందుచేత ప్రతి మండలపు ప్రభుత్వ ఆసుపత్రిలోను ఒక లిఫ్టు, వేరువేరు కొలతల జోలెలు ఉంచి, అవసరమైన ఇంటికి కొన్ని నెలలకు అరువిచ్చి, వాడు విధము నేర్పు ఏర్పాటు కావలెను. పుస్తకమును అరువిచ్చు గ్రంథాలయము తెలుగువారికి కొత్త కాదు. అదే పద్ధతి దీనికిని సరిపోవును. కొనజాలని ఇల్లు అరువు తెచ్చుకొనును. అవసరము తీరిన ఇల్లు శుభ్రపరచి అప్పగించును.

బడి చేయవలసిన పని వేరొకటి కలదు. ప్రథమచికిత్స పాఠములో విరిగిన చేతికి త్రికోణపు గుడ్డతో జోలె కట్టుట నేర్పుదురు. ఆ పాఠము వెంటనే మరియొక గంట, మనిషిని ఎట్లు ఒత్తిగిలజేయవలెను, ఎట్లు లాగరాదు, ఎప్పుడు ఎత్తుటకు సాహసింపరాదు అను విషయములకు కేటాయింపవచ్చును. తులాదండము, గరిమనాభి, పాస్కల్ సూత్రము చెప్పు పంతులుగారికి ఈ యంత్రముకంటె ప్రాణమున్న ఉదాహరణము దొరకదు. ఆ సాయంకాలము ఇంటికి పోయిన విద్యార్థి నాయనమ్మను చంకపట్టి లాగుచున్న తండ్రితో, “నాన్నా, అట్లు లాగకూడదట” అని అన్నచో ఆ పాఠము ఫలించినట్లే. ఆ తండ్రి ఒక్క క్షణము ఆగి, “మరి ఎట్లురా?” అని అడిగినచో అంతకంటె పెద్ద బహుమానము ఉపాధ్యాయునికి లేదు.

శ్రవణకుమారుని కథ చెప్పవలసినదే; మానరాదు. అయితే ఇకమీదట కథ చెప్పునప్పుడు కావడివద్ద కొంచెము ఆగవలెను. బద్ద ఎంత పొడవుండవలెను, బుట్ట ఎంత లోతుండవలెను, బరువులు రెండువైపుల సరితూగకున్న ఏమగును అని పిల్లలను అడుగవలెను. కావడిలో కూర్చున్న తల్లిదండ్రులు దారిలో ఏమనుకొనియుందురో కూడ అడుగవలెను. కొడుకు భుజము నొచ్చుచున్నదేమో అని వారు నీళ్లు అడుగుట మానియుందురా? జనులు చెప్పు కథలో వారు నిస్సంకోచముగ నీళ్లు అడిగిరి. అతడు కలశము పట్టుకొని ఏటికి పోయెను. మంచమునకు పరిమితమైన పంతులుగారు కోడలిని అట్లే, సంకోచములేక, గ్లాసెడు మంచినీళ్లు అడుగగల దినము ప్రతి ఇంటికిని రావలెను.